టెక్సస్ గన్ పర్మిట్ న్యూజెర్సీలో చెల్లుతుందా?

చెల్లదు. డ్రైవింగ్ లైసెన్స్ అన్నిచోట్లా చెల్లుతుంది కదా, ఇదెందుకు చెల్లదంటారా? తుపాకీ దాచి వెంట తీసుకెళ్లే పర్మిట్లను అమెరికా అంతటా గుర్తించాలనే ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) చట్టం లేదు. ఏ రాష్ట్రం పర్మిట్‌ను ఒప్పుకోవాలో ప్రతి రాష్ట్రం తనకు తానే తేల్చుకుంటుంది. న్యూజెర్సీ బయటి పర్మిట్ దేన్నీ ఒప్పుకోదు. ఫ్లోరిడాది 2023 దాకా మరో మెలిక: పర్మిట్ ఇచ్చిన రాష్ట్రంలోనే మీరు నివాసం ఉండాల్సి వచ్చేది.

2013లో పెన్సిల్వేనియా పర్మిట్ ఉన్న ఒకావిడ న్యూజెర్సీలో ట్రాఫిక్ పోలీసుకు తన దగ్గర తుపాకీ ఉందని తనే చెప్పి అరెస్టయింది. 2015లో గవర్నర్ ఆమెకు క్షమాభిక్ష పెట్టారు.

కారులో రాష్ట్రం దాటిపోవడం వేరే సంగతి. 1986 ఫెడరల్ చట్టం ప్రకారం బయల్దేరిన చోటా, చేరే చోటా ఆ తుపాకీ మీ దగ్గరుండడం, వెంట తీసుకెళ్లడం చట్టబద్ధమైతే, మధ్య రాష్ట్రాల గుండా తీసుకెళ్లొచ్చు. తూటాలు తీసేసి, తుపాకీనీ తూటాలనీ డిక్కీలో పెట్టాలి. డిక్కీ లేని బండైతే తాళం వేసిన పెట్టెలో ఉండాలి, గ్లవ్ బాక్స్ పనికిరాదు. న్యూజెర్సీయే మీ గమ్యమైతే ఈ రక్షణను నమ్ముకోకండి.

మనవాళ్లకో మాట: హెచ్1బీ వీసా మీదుంటే, వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులు తప్ప, తుపాకీ దగ్గరుంచుకోవడమే ఫెడరల్ నేరం.

బయల్దేరే ముందు దారిలోని ప్రతి రాష్ట్రం పోలీసు వెబ్‌సైటూ చూడండి. ఎవరి పర్మిట్‌ను ఎవరు ఒప్పుకుంటారనే జాబితాలు మారుతుంటాయి.