కాలేజీ బేస్‌బాల్ టీమ్ ఫిబ్రవరి నుంచే ఓడిపోతుంటే ఇంకా చూడటం ఎందుకు?

"ఒహాయోలో ఎంఎస్‌కి వచ్చాను. క్రికెట్ లేని లోటు తీర్చుకుందామని మా యూనివర్సిటీ బేస్‌బాల్ టీమ్‌ని ఫాలో అవుతున్నాను. తొమ్మిది మ్యాచ్‌లాడి ఏడు ఓడారు. మానేయమంటారా?" అని అడిగారు కదా. మానేయకండి. ఏప్రిల్ నెలాఖరు దాకా ఓపిక పట్టండి, ఆ తర్వాత మీ ఇష్టం.

నేనూ ఆ రాష్ట్రంలోనే చదివాను, 2016లో. ఏ కాలేజీయో చెప్పను. ఆ పిల్లలు ఈపాటికి ఉద్యోగాల్లో స్థిరపడి ఉంటారు, పాత స్కోర్లు తవ్వి తీయడం ఎందుకు. క్యాంపస్‌లో నాకు రాత్రిపూట కంప్యూటర్ ల్యాబ్‌లో కూర్చునే పని ఉండేది. ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే లాగడం తప్ప పెద్దగా చేసేదేమీ లేదు. బయట మంచు, లోపల నేను, తెర మీద లైవ్ స్కోరు. మావాళ్ళు ఫ్లోరిడాలో చొక్కా చేతులు మడుచుకుని ఎండలో ఓడిపోతుండేవాళ్ళు. మొదటి పన్నెండు మ్యాచ్‌ల్లో గెలిచినవి రెండే. మా రూమ్మేట్ నల్గొండ అబ్బాయి రోజూ అన్నం తింటూ "ఇయ్యాల ఎన్నితోని ఓడిన్రు?" అని అడిగేవాడు. గెలిచారా అని ఒక్కసారి కూడా అడగలేదు.

అప్పుడు నాకు తెలియని సంగతి ఒకటుంది. కాలేజీ సీజన్ ఫిబ్రవరి మధ్యలో మొదలవుతుంది. ఆ సమయంలో ఒహాయో, మిచిగన్ లాంటి చోట్ల మైదానం మంచు కింద ఉంటుంది. అందుకే ఉత్తరాది టీములు మొదటి మూడు నాలుగు వారాలు బస్సెక్కో విమానమెక్కో ఫ్లోరిడా, కరోలినాలు, టెక్సస్ వైపు పోయి వాళ్ళ గడ్డ మీదే ఆడతాయి. అవతలివాళ్ళు జనవరి అంతా ఆరుబయట ప్రాక్టీస్ చేసినవాళ్ళు. మనవాళ్ళు పైకప్పు కింద, కృత్రిమ గడ్డి మీద చేసి వచ్చినవాళ్ళు. ఆకాశంలోకి లేచిన బంతిని ఎండలో అంచనా వేయడం హాల్లో ఎలా వస్తుంది? మా సెంటర్ ఫీల్డర్, అంటే మైదానం చివర నడిమధ్యన కాపలా కాసేవాడు, మొదటి వారం రెండు తేలిక క్యాచ్‌లు వదిలేశాడు. చేతగానివాడనుకున్నాను. ఏప్రిల్‌లో అదే కుర్రాడు గోడ దాకా పరిగెత్తి పట్టుకున్నప్పుడు నాలుక కరుచుకున్నాను.

ఇంకోటి, ఏ రోజు మ్యాచ్ చూస్తున్నారన్నది చాలా ముఖ్యం. వారాంతంలో శుక్ర, శని, ఆదివారాలు ఒకే జట్టుతో మూడు మ్యాచ్‌లుంటాయి. మధ్యలో మంగళవారమో బుధవారమో ఇంకో జట్టుతో ఒకటి. ఉన్నవాళ్ళలో మేటి పిచ్చర్‌ని, అంటే మన బౌలర్‌లా బంతి విసిరేవాణ్ణి, శుక్రవారం దించుతారు. అతను తొంభై, వంద బంతులు విసిరాడంటే మళ్ళీ వచ్చే శుక్రవారమే. రెండోవాడు శనివారం, మూడోవాడు ఆదివారం. పెద్ద కాలేజీల్లో ఆ మూడోవాడు కూడా మన మొదటివాడంత ఉంటాడు. చిన్న కాలేజీలో ఆదివారం వచ్చేసరికి గిన్నె అడుగు గీకినట్టే ఉంటుంది. మావాళ్ళు శుక్రవారం 3-2తో ఓడి, ఆదివారం 14-3తో ఓడేవాళ్ళు. పట్టికలో రెండూ ఓటములే గానీ రెండూ ఒకటి కాదు. వారం మధ్య మ్యాచ్ అయితే అనుభవం లేని కుర్రాళ్ళకి ప్రాక్టీస్ అనుకోండి, దాన్ని పట్టుకుని బాధపడొద్దు.

అందుకే స్కోరు పక్కన పెట్టి ఒక చిన్న పుస్తకంలో రెండే రాసుకోవడం మొదలుపెట్టాను: మన పిచ్చర్లు ఇచ్చిన వాక్‌లు, మన ఫీల్డింగ్‌లో ఎర్రర్లు, అంటే చేతికొచ్చిన బంతి వదిలేయడం, తప్పుగా విసరడం లాంటివి. వాక్ అంటే మీకు తెలిసే ఉంటుంది, నాలుగు చెడ్డ బంతులు పడితే బ్యాటర్ బ్యాట్ ఊపకుండానే మొదటి బేస్‌కి నడిచిపోతాడు. మన వైడ్ లాంటిదే, కాకపోతే బేస్‌లన్నీ చుట్టి వస్తేనే పరుగు కాబట్టి అది వెంటనే రాదు, అప్పు మీద వడ్డీలా తర్వాత వస్తుంది. మావాళ్ళ ఓటములన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండేవి. తొమ్మిది ఇన్నింగ్స్‌ల ఆటలో ఆరో ఇన్నింగ్స్ దాకా బాగానే ఆడతారు. అక్కడ రెండు వాక్‌లు, ఒక ఎర్రర్, ఆ తర్వాత ఒక పెద్ద హిట్. ఒక్క ఇన్నింగ్స్ కొంప ముంచేది. మార్చి నెలాఖరుకి ఆ పుస్తకంలో వాక్‌ల లెక్క తగ్గుతూ వచ్చింది, గెలుపులు ఇంకా రాకపోయినా. ల్యాబ్‌లో ఒక్కణ్ణే కూర్చుని ఆ అంకెలు చూసి మురిసిపోయేవాణ్ణి. పిచ్చి అంటే పిచ్చే.

మొదటి హోమ్ మ్యాచ్ మార్చి చివర్లో వచ్చింది. ఎండ కాసింది గానీ గాలి ముఖం కోసేస్తోంది. స్టాండ్‌లో యాభై మంది కూడా లేరు, సగం మంది ఆటగాళ్ళ అమ్మానాన్నలే. దుప్పట్లు, ఫ్లాస్కులు పట్టుకుని వచ్చారు. నేను పల్చటి జాకెట్‌తో వణుకుతుంటే పక్కనున్న పెద్దాయన నా చేతిలో చేతులు కాచుకునే వెచ్చటి పొట్లాలు రెండు పెట్టాడు. వాళ్ళబ్బాయి షార్ట్‌స్టాప్, అంటే రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడే ఫీల్డర్, మొదటి సంవత్సరం. ఆయన స్కోరు పుస్తకం రాస్తున్నాడు. మూడు స్ట్రైకులు పడి ఔటైతే, అంటే స్ట్రైకౌట్‌కి, కె అని రాస్తారు, బ్యాట్ ఊపకుండా చూస్తూ ఔటైతే అదే కె తిరగేసి రాస్తారు. ఫీల్డర్లందరికీ అంకెలుంటాయి, షార్ట్‌స్టాప్ ఆరు, సెకండ్ బేస్ నాలుగు, ఫస్ట్ బేస్ మూడు. 6-4-3 అని రాశారంటే బంతి ఆ ముగ్గురి చేతులు మారి ఇద్దరు ఔటయ్యారన్నమాట. ఇవన్నీ ఆయన దగ్గరే నేర్చుకున్నాను. బదులుగా డబ్బాలో ఉన్న పులిహోర పెట్టాను. ఎండుమిర్చి పక్కకు తీసేయాలని చెప్పడం మర్చిపోయాను. పాపం, రెండు ఇన్నింగ్స్‌ల పాటు ఆయన ఏమీ రాయలేదు.

అక్కడి నుంచి నేను ఆ షార్ట్‌స్టాప్ అబ్బాయినే చూడటం మొదలుపెట్టాను. టీమ్ ఓడుతున్నప్పుడు ఇదొక మంచి ఉపాయం, ఒక్కణ్ణి పట్టుకోండి. ఫిబ్రవరిలో బంతి చేతికి రాగానే కంగారుపడి ఫస్ట్ బేస్ మీదుగా డగౌట్‌లోకి విసిరినవాడు, మే నెలకి అలవోకగా 6-4-3 తిప్పేవాడు.

అసలు లెక్క ఇంకోటుంది. ఫిబ్రవరి ఓటములు కాన్ఫరెన్స్ (కొన్ని కాలేజీలు కలిసి ఆడే లీగ్) పట్టికలోకి రావు. కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు సాధారణంగా మార్చిలో మొదలవుతాయి. మే నెలలో కాన్ఫరెన్స్ టోర్నీ గెలిస్తే, అంతకుముందు ఎన్ని ఓడినా 64 జట్ల జాతీయ టోర్నీలోకి నేరుగా చోటు. చిన్న కాలేజీకి దాదాపు అదొక్కటే దారి. పెద్దవాళ్ళ సంగతికొస్తే, 2022లో ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) తన కాన్ఫరెన్స్‌లో ఒక దశలో 7 గెలిచి 14 ఓడింది. ఆ 64లో చివరి చోటు దక్కించుకుని, జాతీయ టోర్నీ చివరి దశ జరిగే ఒమాహా వెళ్ళి ఏకంగా కప్పు కొట్టింది. మంచు ప్రాంతపు మిచిగన్ 2019లో అలాగే అంచున వేలాడి లోపలికొచ్చి ఫైనల్ దాకా వెళ్ళింది. మనకిది కొత్తా? ఐపీఎల్‌లో 2008లో 14 మ్యాచ్‌ల్లో రెండే గెలిచి అట్టడుగున ఉన్న డెక్కన్ ఛార్జర్స్ 2009లో కప్పు తేలేదూ!

మావాళ్ళు కప్పేమీ కొట్టలేదు. సగానికి కాస్త తక్కువ గెలుపులతో సీజన్ ముగించి, కాన్ఫరెన్స్ టోర్నీలో రెండు ఓడి ఇంటికొచ్చేశారు. కానీ ఏప్రిల్‌లో వరుసగా ఆరు గెలిచారు. ఆరో రోజు మా నల్గొండ అబ్బాయి కంచం ముందు కూర్చుని కాసేపు ఆలోచించి "ఎన్నితోని గెలిచిన్రు?" అన్నాడు.

మీరు ఈ శుక్రవారం మ్యాచ్‌తో మొదలుపెట్టండి, ఆదివారంది వదిలేయండి. హోమ్ మ్యాచ్‌లు మొదలయ్యాక ఫస్ట్ బేస్ వైపు ఎండ పడేచోట కూర్చోండి. దుప్పటి తప్పకుండా తీసుకెళ్ళండి, అక్కడ ఏప్రిల్ సగం దాకా చలే.