శాక్రమెంటోకి లెటర్ పంపే ముందు

చిరంజీవి అమ్మడూ,

డిసెంబర్‌లో సిటీ కౌన్సిల్ మెంబర్‌గా ప్రమాణం చేశావు, ఈసారి రాష్ట్ర శాసనసభలో వచ్చిన హౌసింగ్ బిల్లులన్నిటినీ వ్యతిరేకిస్తూ అప్పుడే తీర్మానం పెట్టి, రాష్ట్ర రాజధాని శాక్రమెంటోకి లెటర్ పంపుతానంటున్నావని మీ నాన్న చెప్పాడు. పెట్టొద్దని అనను. కానీ ఆ "అన్నిటినీ" అన్న మాట మాత్రం తీసెయ్.

కాలిఫోర్నియాలో 480కి పైగా సిటీలున్నాయి. వాటిలో చాలా సిటీలు పంపేది ఒకే లెటర్, సిటీల సంఘం వాళ్ళిచ్చిన నమూనాలో ఊరి పేరు మార్చి పైన సీల్ వేసినదే. శాసనసభ కమిటీ స్టాఫ్ దాన్ని వ్యతిరేకుల జాబితాలో ఒక పేరుగా ఎక్కించి పక్కన పెట్టేస్తారు. 2021లో ఎస్‌బీ 9 (సెనేట్ బిల్లు 9) సంగతి చూడు. ఒక కుటుంబం ఉండే స్థలాన్ని రెండుగా విడగొట్టుకోవచ్చు, మొత్తం నాలుగు ఇళ్ళ దాకా కట్టుకోవచ్చు అనే బిల్లు అది. ఎన్ని సిటీలు వద్దన్నా గవర్నర్ న్యూసమ్ సెప్టెంబర్‌లో సంతకం పెట్టేశారు. అయితే స్థలం విడగొట్టేవాళ్ళు అక్కడే మూడేళ్ళు ఉంటామని రాసివ్వాలన్న షరతు మధ్యలో ఒక సవరణగా చేరింది. పనికొచ్చే మార్పులు అలా వస్తాయి, బిల్లు మొత్తాన్ని కొట్టిపారేస్తే రావు.

కాబట్టి "వ్యతిరేకం" కన్నా "సవరిస్తే తప్ప వ్యతిరేకం" అన్న వైఖరి ఎక్కువ పని చేస్తుంది, కానీ దానికి కష్టపడాలి. ఏ సెక్షన్లో ఏ వాక్యం తీసేయాలి, దాని బదులు ఏం పెట్టాలి అన్నది నువ్వే రాసివ్వాలి. "స్థానిక అధికారాన్ని హరిస్తోంది" అని రాస్తే అక్కడ ఎవరూ చలించరు, ఆ మాట వాళ్ళు పొద్దున్నించి సాయంత్రం దాకా వింటూనే ఉంటారు. మీ ప్లానింగ్ డిపార్ట్‌మెంట్‌కి పోయినేడు ఎన్ని అప్లికేషన్లు వచ్చాయి, ఒక్కోదానికి ఎన్ని గంటలు పట్టింది, ఈ బిల్లు పెట్టే గడువులో అది అవుతుందా కాదా, ఆ లెక్క రాయి. అది వేరే ఏ సిటీ దగ్గరా ఉండదు.

ఇంకో సంగతి. బిల్లు ముందుండే లెజిస్లేటివ్ కౌన్సెల్ డైజెస్ట్‌లో (అంటే శాసనసభ లాయర్లు రాసే బిల్లు సారాంశంలో) చివరి పేరా తప్పకుండా చదువు. రాష్ట్రం కొత్త పని అప్పగిస్తే ఖర్చు తిరిగి ఇవ్వాలని 1979 నుంచీ కాలిఫోర్నియా రాజ్యాంగంలో ఉంది. కానీ ఆ పేరాలో చాలాసార్లు, ఫీజులు వసూలు చేసుకునే అధికారం మీకుంది కాబట్టి మేం తిరిగి ఇవ్వక్కర్లేదు అని మెత్తగా రాసేస్తారు. మీ ఫైనాన్స్ డైరెక్టర్‌ని లేపాల్సింది అక్కడ.

ఇక టైమ్. ఇప్పుడు ఫిబ్రవరి, వస్తున్న బిల్లుల్లో సగం ఖాళీ డబ్బాలు, అసలు సరుకు మార్చి, ఏప్రిల్‌లో నింపుతారు. ఇప్పుడే వైఖరి తీసుకుంటే లేని బిల్లు మీద తీసుకున్నట్టే, అందుకే లెటర్‌లో బిల్లు నంబర్‌తో పాటు ఏ తేదీన సవరించిన ప్రతి గురించి మాట్లాడుతున్నావో కూడా రాయాలి. మొదటి పాలసీ కమిటీ హియరింగ్‌కి ముందు చేరిన లెటర్‌కే విలువ, కమిటీని బట్టి చాలాసార్లు వారం ముందే గడువు పెడతారు. మే నెలలో, ఆగస్టులో ఖర్చుల సంగతి చూసే అప్రోప్రియేషన్స్ కమిటీ, సస్పెన్స్ ఫైల్ అని పక్కన పెట్టిన వందల బిల్లుల్ని ఒకే రోజు గబగబా తేల్చేస్తుంది, ఆ రోజు చర్చలేమీ ఉండవు, అంతా అంతకుముందే అయిపోయి ఉంటుంది.

మీ కౌన్సిల్ ఏమో రెండు వారాలకోసారి కలుస్తుంది, మీటింగులు జనం ముందే జరగాలనే బ్రౌన్ యాక్ట్ ప్రకారం ఎజెండా 72 గంటల ముందు పెట్టాలి. అక్కడ హియరింగ్ ఆగదు కదా! దీనికి మందు ఏడాది మొదట్లోనే లెజిస్లేటివ్ ప్లాట్‌ఫామ్, అంటే ఏ విషయంలో సిటీ వైఖరి ఏమిటో చెప్పే పత్రం ఒకటి పాస్ చేసుకోవడం. అందులో ఉన్న విషయమైతే మేయర్ వెంటనే సంతకం పెట్టి పంపొచ్చు, లేనిది మాత్రం కౌన్సిల్ ముందుకు రావాలి. మీకు ప్లాట్‌ఫామ్ ఉందో లేదో క్లర్క్‌ని అడుగు, ఉంటే ఎప్పటిదో చూడు. ఇంకా, ఐదుగురిలో ముగ్గురు కలిసి వాట్సాప్‌లో ఈ బిల్లు గురించి మాట్లాడుకున్నారంటే అది రహస్య మీటింగ్ కిందే లెక్క. ఒకరితో చెప్పి, ఆయన ఇంకొకరితో చెప్పినా అంతే.

లెటర్ వెళ్ళేలోపే మీ అసెంబ్లీ మెంబర్ ఆఫీసుకి ఫోన్ చెయ్యి. బిల్లు ఆయనదే అయితే మరీ ముఖ్యం, మీ వ్యతిరేకత ఆయన పేపర్లో చూసి తెలుసుకోకూడదు. సిటీకి పార్కు నిధులు కావాల్సినప్పుడు వెళ్ళేది కూడా ఆ గుమ్మానికే. హియరింగ్‌కి వెళ్తే ముఖ్య సాక్షులు ఇద్దరికే రెండేసి నిమిషాలు ఇస్తారు, మిగతావాళ్ళు పేరు, ఊరు, వైఖరి చెప్పి దిగిపోవాలి. అంత దూరం డ్రైవ్ చేసి ఒక్క వాక్యం చెప్పి రావడం కన్నా ఫోనే నయమని నా ఉద్దేశం, మీ మేయర్ ఒప్పుకోకపోవచ్చు, ఫోటో రాదు మరి.

ఎప్పుడైనా ఆ విషయం బిల్లు దాటి ఓటర్ల ముందుకు ప్రపోజిషన్‌గా వచ్చిందంటే రూల్ మారిపోతుంది. అప్పుడు మీటింగ్‌లో తీర్మానం చేయొచ్చు గానీ, సిటీ డబ్బుతో ప్రచారం చేయకూడదు. సిటీ అటార్నీని అడక్కుండా ఒక్క ఫ్లయర్ కూడా అచ్చు వేయించకు.

తీర్మానంలో రెండు మూడు బిల్లులు మించకుండా చూసుకో. అందులో ఒక్కటైనా సమర్థిస్తున్న హౌసింగ్ బిల్లు ఉంటే, మీ లెటర్లు తెరిచేవాళ్ళు రెండోదాన్ని కాస్త ఓపిగ్గా చదువుతారు. డ్రాఫ్ట్ అయ్యాక బిల్లు నంబర్లతో సహా నాకు పంపు.

బాబాయి