యాక్సిల్ కొనేముందు కారు ఆయుష్షు తేల్చుకోండి

ప్రశ్న: మా కారుకు 14 ఏళ్లు. వెనుక చక్రాలు పైభాగంలో లోపలికి వాలుతున్నాయి. గతుకులు వస్తే కిర్రుమని శబ్దం. బేరింగులు అరిగిపోయాయని, వెనుక యాక్సిల్ మొత్తం మార్చాల్సిందేనని మెకానిక్ అన్నారు. వర్క్‌షాపు వాళ్లు చెప్పిన మొత్తం కారు ధరలో సగానికి పైనే ఉంది. సెలవు రోజుల్లో ఇంటి దగ్గర నేనే మార్చుకుంటే లేబర్ ఖర్చు మిగులుతుంది కదా అనుకుంటున్నాను. లేదంటే ఆరు నెలలు ఇలాగే నడిపి, ఆ తర్వాత అమ్మేసి, రుణం మీద కాస్త కొత్త కారు కొనాలా? ఇప్పుడు ఉన్నది ఉన్నట్టుగా అమ్మితే మంచి స్థితిలో ఉంటే వచ్చే ధరలో సగమే ఇస్తామంటున్నారు. మూడు నెలల ఖర్చులకు సరిపడే అత్యవసర నిధి ఉంది. – ఒక పాఠకుడు (ఉత్తరాన్ని కుదించి ఇచ్చాం)

జవాబు: మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. ఇంట్లో మార్చాలా, వర్క్‌షాపులోనా అన్నది ఒకటి. ఈ కారుకు ఇంత ఖర్చు పెట్టవచ్చా అన్నది రెండోది. ఉత్తరంలో ఎక్కువ భాగం మొదటిదాని గురించే రాశారు. డబ్బు మాత్రం రెండోదానిలో ఉంది.

మీరు పంపిన అంకెలను పోల్చడానికి వీలుగా మార్చుకున్నాను. ఏ లోపమూ లేకపోతే మీ కారు ధర 100 అనుకుందాం. వర్క్‌షాపు అడిగినది 60. అందులో రీకండిషన్ చేసిన (అంటే పాతదాన్నే బాగుచేసి అమ్మే) యాక్సిల్ 34, లేబర్ 20, బోల్టులు, బ్రేకు పైపులు, బ్రేక్ ఆయిల్, చివర్లో చేసే వీల్ అలైన్‌మెంట్ కలిపి 6. ఇంట్లో చేస్తే ఆ 20 మొత్తం మిగులుతుందని మీ అంచనా.

అంత మిగలదు. మీ దగ్గర జాకీ, మామూలు పానాల సెట్టు ఉన్నాయని రాశారు. ఈ పనికి అవి చాలవు. కారును ఎత్తి నిలబెట్టడానికి బలమైన స్టాండ్లు కావాలి. ఒక్క జాకీని నమ్మి కారు కింద దూరడం ప్రాణంతో చెలగాటం. బోల్టులను చెప్పినంత బిగువుకే బిగించడానికి టార్క్ రెంచి కావాలి. బ్రేకు పైపుల నట్లు 14 ఏళ్లుగా తుప్పు పట్టి ఉంటాయి కాబట్టి వాటికి ప్రత్యేకమైన పానా కావాలి. మామూలు పానా వేస్తే నట్టు అంచులు అరిగి గుండ్రమవుతాయి, ఆ తర్వాత పైపునే కోయాలి. ఈ సామాను కొనడానికి 7 అవుతుందనుకోండి. బ్రేకుల్లోంచి గాలి తీయించడానికి, అలైన్‌మెంట్ చూపించడానికి ఎలాగూ బయటివాళ్లకు డబ్బు ఇవ్వాలి. వర్క్‌షాపు లెక్కలో కలిసిపోయే ఆ ఖర్చు విడిగా చేయించుకుంటే ఇంకో 3 పెరుగుతుంది. కారు కదలని రోజుల్లో మీ రాకపోకలకు మరో 3. అంటే 20లో మిగిలేది 7. కొన్న పనిముట్లు తర్వాతా పనికొస్తాయి కాబట్టి వాటి ఖరీదు లెక్కలోంచి తీసేస్తే 14.

ఇది అంతా సవ్యంగా జరిగితే మాట. యాక్సిల్‌ను బాడీకి పట్టి ఉంచే బోల్టు ఒకటి లోపలే తెగిందంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది. వెనుక యాక్సిల్ విప్పేసిన కారును తాడు కట్టి లాక్కెళ్లడం కూడా కుదరదు, లారీ మీదికి ఎక్కించాల్సిందే.

మీ సమయాన్ని గంటకు ఇంత జీతమని గుణించి ఖర్చులో కలపమని చెప్పేవాళ్లు ఉంటారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. సెలవు రోజున మీకు ఎవరూ జీతం ఇవ్వరు కాబట్టి పోగొట్టుకున్నదీ ఏమీ లేదు. ఇలాంటి పని చేయడం మీకు సరదా అయితే అది లాభమే. అయితే దాన్ని పొదుపు అనకండి, సరదా అనండి.

ఇప్పుడు అసలు లెక్క. చాలామంది మరమ్మతు ఖర్చును కారు ధరతో పోల్చి, సగం దాటితే అమ్మేయాలని అంటారు. ఆ సూత్రం దేనినీ తేల్చదు. మీరు కారును అమ్మకానికి పెట్టలేదు, దానిలో తిరుగుతున్నారు. కాబట్టి పోల్చాల్సినది నెలకు ఎంత పడుతుందన్నది.

కారు ఉంచుకుంటే మీరు వదులుకునేది 100 కాదు, ఈ రోజు చేతికి వచ్చే 50. దానికి మరమ్మతు 60 కలిపితే 110. మూడేళ్లు నడిపి 30కి అమ్మారనుకుందాం. 80 కరిగింది, అంటే నెలకు సుమారు 2.2. పాత కారుకు ఏటా వచ్చే ఇతర మరమ్మతులకు నెలకు 2 వేసుకోండి. మొత్తం 4.2.

మీరు రుణం మీద కొనాలనుకుంటున్న కాస్త కొత్త కారు ధర ఈ లెక్కలో 400. చేతికొచ్చే 50 ముందుగా కట్టి, 350 అయిదేళ్ల రుణం. మూడేళ్లలో ఆ కారు విలువ 220కి దిగితే పోయేది 180, నెలకు 5. మీకు చెప్పిన వడ్డీ రేటు ప్రకారం ఆ మూడేళ్లలో కట్టే వడ్డీ నెలకు 2 చొప్పున పడుతుంది. పెరిగిన బీమా, సర్వీసు ఖర్చు కలిపి 1. మొత్తం 8. చేతిలోంచి నెలనెలా పోయే కిస్తీ ఒక్కటే 7 పైన ఉంటుంది, అది వేరే సంగతి.

4.2కీ 8కీ మధ్య తేడా చూశారు కదా. దీని పక్కన ఇంట్లో పని చేసి మిగిల్చే 7 నుంచి 14ను మూడేళ్లకు పంచి చూడండి. నెలకు 0.2 నుంచి 0.4 మధ్య. ఇంత చిన్న మొత్తం కోసం మీ ఉత్తరంలో రెండు పేజీలు కేటాయించారు!

మరి కారు మూడేళ్లు నడవకపోతే? ఆ సంగతీ చూద్దాం. మధ్యలోనే మూలపడి, తుక్కు కింద 15 వచ్చిందనుకోండి. పెట్టిన 110లో పోయింది 95. కొత్త కారుకు నెలకు 8, దీని ఇతర మరమ్మతులకు నెలకు 2, తేడా 6. 95ను 6తో భాగిస్తే దాదాపు 16. అంటే యాక్సిల్ మార్చాక కారు 16 నెలలు నడిస్తే చాలు, ఆ తర్వాత తుక్కుకు పోయినా మీరు నష్టపోలేదు. ఏడాదిలోపు క్లచ్, టైమింగ్ బెల్టు కూడా మార్చాల్సి ఉండి, అవి కలిపి 40 అయితే గడువు 22 నెలలు దాటుతుంది.

కాబట్టి ముందు మీరు ఖర్చు పెట్టాల్సింది యాక్సిల్ మీద కాదు, ఒక తనిఖీ మీద. ఈ పని చేసి డబ్బు తీసుకోబోయే వర్క్‌షాపు కాకుండా మరొకరి చేత కారును ఎత్తించి చూపించండి. మొదట చూడాల్సినది యాక్సిల్ బాడీకి బిగించే చోట్లు. అక్కడ రేకు తుప్పు పట్టి పొరలు పొరలుగా లేస్తూ ఉంటే, స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగుతూ ఉంటే, కొత్త యాక్సిల్‌ను బిగించడానికి గట్టి చోటే లేదన్నమాట. తర్వాత ద్వారాల కింది అంచులు, బ్రేకు పైపులు, ఇంధనపు గొట్టాలు. క్లచ్, టైమింగ్ బెల్టు ఎన్నాళ్లు వస్తాయో అప్పుడే అడిగేయండి.

జబ్బు సరిగా గుర్తించారా అన్నదీ అదే తనిఖీలో తేలాలి. అన్ని కార్ల వెనుక భాగం ఒకేలా ఉండదు. కొన్నిటిలో చక్రాన్ని మోసే ఆర్మ్ లోపల సన్నటి సూదుల్లాంటి రోలర్ల బేరింగులు ఉంటాయి. సీలు పాడై నీరు చేరితే అవి తుప్పు పట్టి, అవి తిరిగే షాఫ్టును కూడా కొరికేస్తాయి. ఆర్మ్ వదులై చక్రం పైభాగం లోపలికి వాలుతుంది. సమతలమైన నేల మీద కారు నిలిపి వెనుక నుంచి చూస్తే తెలిసిపోతుంది, టైరు లోపలి అంచు మీద అరచేయి పెట్టి రాస్తే ఇంకా బాగా తెలుస్తుంది. బయట గాడులు బాగానే ఉండి, లోపల నున్నగా తగులుతుంది. మరికొన్ని కార్లలో వెనుక ఒకే దూలం ఉంటుంది, దానిలో ఎక్కువగా పోయేవి రబ్బరు బుష్‌లు, అంటే బోల్టు బిగించే చోట కుదుపును మింగే రబ్బరు తొడుగులు. వాటిని మారిస్తే సరిపోయేచోట యాక్సిల్ మొత్తం మార్చడం దండగ. మీరు చెప్పిన లక్షణాలు మొదటి రకానికే సరిపోతున్నాయి, అయినా రెండో అభిప్రాయం చవకే.

ఆరు నెలలు ఇలాగే నడపడం గురించి. వద్దు. సీలు పోయిన తొలి రోజుల్లో బేరింగులు మారిస్తే సరిపోయేది. షాఫ్టు గాట్లు పడ్డాక ఆ దారి మూసుకుపోతుంది. ఇంకా నడిపితే టైర్లు పోతాయి, చక్రం మరీ వాలితే బాడీకి రాసుకుంటుంది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకున్నట్టే. పైగా చాలా బీమా పాలసీల్లో వాహనాన్ని రోడ్డు మీద తిరగడానికి తగిన స్థితిలో ఉంచాలన్న షరతు ఉంటుంది. లోపం తెలిసీ నడిపారని తేలితే క్లెయిము దగ్గర చిక్కు వస్తుంది.

తనిఖీలో బాడీ గట్టిగా ఉందని తేలితే చేయించండి. నా ఓటు వర్క్‌షాపుకే, ముఖ్యంగా బ్రేకుల వల్ల. యాక్సిల్ దించాలంటే బ్రేకు పైపులు, హ్యాండ్ బ్రేకు కేబుళ్లు విప్పక తప్పదు. కొన్ని కార్లలో బరువును బట్టి వెనుక బ్రేకుల బలాన్ని సర్దే వాల్వు కూడా యాక్సిల్‌కే ముడిపడి ఉంటుంది. అనుభవం లేకుండా మొదటిసారి నేర్చుకోవడానికి ఇది తగిన పని కాదు. అయినా చేస్తానంటే, అనుభవమున్న మనిషి ఒకరు పక్కన ఉండాలి. బేరింగులు కొట్టి తీసే జోలికి పోకుండా సిద్ధంగా ఉన్న యాక్సిల్ తెచ్చి బిగించండి. రబ్బరు బుష్‌లున్న బోల్టులను కారు బరువు చక్రాల మీద పడ్డాకే చివరిగా బిగించండి. గాల్లో ఉండగా బిగిస్తే బుష్ మెలితిరిగిన స్థితిలోనే ఉండిపోయి త్వరగా చిరుగుతుంది. బ్రేకులు మెకానిక్‌కు చూపించకుండా కారును ఇంటి ముందు నుంచి కదపకండి.

తుక్కు దుకాణంలో దొరికే పాత యాక్సిల్ చవకగా కనిపిస్తుంది. మీ కారు వయసే ఉన్న మరో కారులోంచి తీసింది, అదే నీరు తాగిన అవే బేరింగులు. నేనైతే దానికి లేబర్ దండగ చేయను.

రీకండిషన్ యాక్సిల్ అమ్మేవాళ్లను రెండు విషయాలు అడగండి. పాత యాక్సిల్ తిరిగి ఇచ్చేదాకా డిపాజిట్ పట్టుకుంటారా, పాతది మరీ తుప్పు పట్టి ఉంటే ఆ డబ్బు వెనక్కి ఇస్తారా అన్నది మొదటిది. వారంటీ చెల్లాలంటే వర్క్‌షాపు బిగించిన బిల్లు కావాలా అన్నది రెండోది. కావాలంటే ఇంట్లో బిగించుకున్న రోజే మీ వారంటీ పోయినట్టు. యాక్సిల్ మీరు కొని తెచ్చి వర్క్‌షాపులో బిగించమన్నా ఇంకో తలనొప్పి ఉంది. రేపు శబ్దం వస్తే లోపం సరుకులో ఉందని వర్క్‌షాపు వాళ్లు, బిగింపులో ఉందని యాక్సిల్ అమ్మినవాళ్లు అంటారు. ధరలో తేడా తక్కువైతే రెండూ ఒకచోటే చేయించుకోవడం మేలు.

డబ్బు అత్యవసర నిధి నుంచే తీయండి. క్రెడిట్ కార్డు మీద పెట్టి కనీస మొత్తం కట్టుకుంటూ పోతే వడ్డీ ఈ లెక్కనంతా తలకిందులు చేస్తుంది. నిధికి పడ్డ 60 లోటును నెలకు 4 చొప్పున 15 నెలల్లో పూడ్చుకోవచ్చు. కొత్త కారు కిస్తీకి సిద్ధపడినవారికి ఇది బరువు కాదు. అది పూర్తయ్యాక అదే 4ను ఆపకుండా విడి ఖాతాలో వేయండి. 14 ఏళ్ల కారుకు మరమ్మతు రావడం అత్యవసరం కాదు, తేదీ తెలియని మామూలు ఖర్చు. దానికి వేరే నిధి ఉండాల్సిందే.

తనిఖీలో బిగింపు చోట్లు తుప్పు పట్టాయని తేలితే మాత్రం మరో ఆలోచన వద్దు. లోపం దాచకుండా చెప్పి ఆ 50కి అమ్మేయండి. అప్పుడు కూడా 400 కారు మీదికి ఒక్కసారిగా వెళ్లక్కర్లేదు. 150 నుంచి 200 మధ్యలో, ఇదే తనిఖీని దాటిన కారును వెతకండి. దానికి రుణం కావలసినా 100 నుంచి 150 లోపే సరిపోతుంది, మూడేళ్లలో తీరిపోతుంది.