‘బొమ్మ కారు’ అంటున్నారు, మార్పించేయమంటారా?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. నేనూ నా భార్యా మూడేళ్లు కూడబెట్టి సెకండ్ హ్యాండ్‌లో మాజ్‌డా ఎంఎక్స్-5 కొన్నాం, ఇద్దరే పట్టే చిన్న స్పోర్ట్స్ కారు. రెండు లీటర్ల ఇంజిన్, మాన్యువల్ గేర్లు. వారంలో మూడు రోజులు తనే ఆఫీసుకు తీసుకెళ్తుంది. నా స్నేహితులవన్నీ టర్బో కార్లు (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపేవి), అన్నీ రీమ్యాప్ చేయించినవే, అంటే ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్పించినవే. కలిసినప్పుడల్లా నాది ‘బొమ్మ కారు’ అని నవ్వుతారు. కారుని కిందికి దించి, ఎగ్జాస్ట్ మార్చి, తర్వాత టర్బో కిట్ పెట్టించాలని నా కోరిక. ఆవిడ ససేమిరా అంటోంది. ‘కంపెనీ ఇచ్చినట్టే ఉండనివ్వండి, పాడుచేయకండి’ అంటుంది. రోజూ ఇదే గొడవ. తనకు తెలియని సంగతి ఇంకోటుంది. కాయిలోవర్లు (కారుని కిందికి దించే స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ జతలు), ఎగ్జాస్ట్ కొనేశాను. డబ్బాలు మా తమ్ముడింట్లో ఉన్నాయి. నాది తప్పా?

జవాబు: డబ్బాలు దాచడం తప్పు. కారుని మార్చాలనుకోవడం తప్పేమీ కాదు. రెండూ ఒకే మూటలో కట్టి అడిగారు గానీ, నేను విప్పి విడివిడిగానే చెబుతాను. కారు సంగతి ముందు. మీరు వినాలని ఎదురుచూస్తున్నది అదేనని తెలుసు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నడిపేటప్పుడు మీకేం వెలితిగా ఉందో అందులో ఒక్క ముక్క లేదు. మలుపులో వెనకభాగం జారుతోందనో, బ్రేక్ పెడల్ మెత్తబడుతోందనో, సీటు నడుముకి పట్టట్లేదనో రాసి ఉంటే ఫలానాది మార్చుకోండి అనేవాణ్ణి. మీరు రాసిందల్లా స్నేహితులు నవ్వుతున్నారని. వాళ్ల కార్లకి టర్బో కంపెనీ నుంచే వచ్చింది. రీమ్యాప్‌తో ఆ టర్బో పీడనం ఇంకాస్త పెంచుతారు కాబట్టి తేడా వెంటనే ఒంటికి తెలుస్తుంది. మీ ఇంజిన్‌కి టర్బో లేదు. ఎగ్జాస్ట్, ఎయిర్ ఇన్‌టేక్, రీమ్యాప్ మూడూ కలిపినా పెరిగే పవర్ కొంచెమే, చప్పుడు మాత్రం బోలెడు. పోనీ టర్బో కిట్ అంటారా, అది ఒంటరిగా రాదు, చుట్టాలందర్నీ వెంటేసుకొస్తుంది. గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కావాలి, ఇంధనం సరఫరా సరిపోవాలి, ట్యూనింగ్ తెలిసినవాడు చేయాలి. టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, పెరిగితే క్లచ్ జారడం మొదలుపెట్టొచ్చు. వేడి పెరుగుతుంది, రేడియేటర్ తట్టుకోవాలి. ఇంతా చేస్తే మీ స్నేహితుల కార్లతో సమానంగా నిలుస్తుందేమో, అంతే.

మీ చేతిలో ఉన్నదేమిటో చూడండి. సుమారు వెయ్యి కిలోల బరువు, వెనక చక్రాలకి శక్తి, ముందు ఇరుసుకి వెనకగా జరిపి పెట్టిన ఇంజిన్. దీన్ని తయారుచేసినవాళ్లు ‘జిన్‌బా ఇట్టాయ్’ అంటుంటారు, గుర్రమూ రౌతూ ఒక్కటైనట్టు అని. ప్రకటనల మాటేలే అనుకునేవాణ్ణి నేను కూడా. కానీ ఈ కారు మలుపులో కాస్త ఒరుగుతుంది చూశారా, బరువు ఏ చక్రం మీదికి వెళ్తోందో నడిపేవాడికి దానివల్లే తెలుస్తుంది. కాయిలోవర్లు వేసి బాగా దించితే ఆ కబురు రావడం తగ్గుతుంది. కాంబర్, అంటే చక్రం నిలువు నుంచి వంగే కోణం, మారుతుంది. అలైన్‌మెంట్ మళ్లీ చేయించకపోతే టైర్లు లోపలి అంచున అరిగిపోతాయి. మరీ దించితే సస్పెన్షన్ కదలడానికి జాగా ఉండక ప్రతి గుంతకీ బంప్‌స్టాప్‌ల (చివర అడ్డుపడే రబ్బరు దిమ్మల) మీద కూర్చుంటుంది. వారానికి మూడు రోజులు ఆ కుదుపులు భరించేది మీ ఆవిడ.

నా సొంత భోగట్టా ఒకటి. ఒకప్పుడు నేనూ ఇలాగే ఎగ్జాస్ట్ వేయించాను. స్టార్ట్ చేస్తే ఒళ్లు పులకరించేది. హైవే మీద ఒకే వేగంతో పోతుంటే మాత్రం చెవుల్లో గుయ్‌మని ఒకటే మోత, గంట గడిస్తే తలనొప్పి. నాలుగో నెలలో పాతది తగిలించాను. దాన్ని పారేయకుండా అటక మీద పెట్టడం నేను చేసిన కొద్ది తెలివైన పనుల్లో ఒకటి.

అలాగని మీ ఆవిడ మాటలన్నీ ఒప్పని కాదు. కారు విలువ పడిపోతుందని ఆవిడ భయం అయితే, అది దీనికి అంతగా వర్తించదు. టొయోటా సుప్రా ఏ80 లాంటి పాత స్పోర్ట్స్ కార్లు వేరు. వాటిలో చాలావరకు ఎవరో ఒకరి చేతిలో మార్పులు జరిగిపోయాయి కాబట్టి, ఎవరూ ముట్టుకోనిది దొరికితే జనం ఎగబడతారు. ఎంఎక్స్-5లు 2016 నాటికే పది లక్షలు తయారయ్యాయి. అమ్మేటప్పుడు మార్పులు చేయని కారు సులువుగా పోతుంది, నిజమే. కానీ ఎప్పుడో కొనబోయే మనిషి కోసం ఇప్పుడు మీరు ముచ్చట చంపుకోనక్కర్లేదు.

ఆరు నెలలు ఉన్నదున్నట్టు నడపండి. అయితే సెకండ్ హ్యాండ్ కారు కదా, మీరు స్టాక్ (కంపెనీ ఇచ్చినట్టే ఉన్నది) అనుకుంటున్నది అరిగిపోయిన స్టాక్ కావచ్చు. టైరు పక్కగోడ మీద ‘డాట్’ వరుస చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైందని. రబ్బరు గట్టిపడి ఉంటే ముందు టైర్లు మార్చండి. బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లో తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలే. అదీ కొత్తది పోయించండి. డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు), సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌లు చూపించండి. వీలైతే ఒక రోజు సర్క్యూట్ మీద, పక్కన శిక్షకుణ్ణి కూర్చోబెట్టుకుని నడపండి.

కార్లో ఒక నోట్‌బుక్ పెట్టి, నడిపినప్పుడు ఏది చిరాకు పెట్టిందో రాసుకోండి. మీరూ, ఆవిడా. ఆర్నెల్ల తర్వాత రెండు చేతిరాతల్లోనూ ఉన్న ఫిర్యాదు ఏదైనా కనిపిస్తే ముందు దాని పని పట్టండి. మీ ఒక్కరిదే అయితే మాట్లాడుకోండి. కావాలంటే మళ్లీ పాతది పెట్టుకోవచ్చంటే ఆవిడ మెత్తబడొచ్చు. ఏది మార్చినా విప్పిన పార్టులు పారేయకండి, బీమా కంపెనీకి ముందే చెప్పండి. చెప్పకపోతే, ప్రమాదం జరిగాక క్లెయిమ్ ఇవ్వం అనడానికి వాళ్లకి ఆ ఒక్క కారణం దొరుకుతుంది.

ఇక డబ్బాలు. ఇద్దరూ కూడబెట్టి కొన్న కారు, ఒక్కరే రహస్యంగా కొన్న సామాను. అవి ఆవిడ కంట పడితే, అప్పుడు జరిగే గొడవకీ సస్పెన్షన్‌కీ ఏ సంబంధమూ ఉండదు. ఈ రాత్రే చెప్పండి. స్నేహితులు నవ్వితే చిన్నతనంగా అనిపించింది, అందుకే కొన్నాను అని కారణంతో సహా చెప్పండి, పవర్ లెక్కలు తీయకండి. మీ తమ్ముణ్ణి కూడా ఈ ఇరకాటంలోంచి తప్పించండి, పాపం వదినతో ఎన్నాళ్లు మొహం చాటేసుకు తిరుగుతాడు? ఆవిడ తిడుతుంది. తిట్టనివ్వండి. కూర్చోబోయే ముందు ఆ సామాను బిల్లులు వెతికి, వాపసు గడువు ఎన్నాళ్లుందో చూసుకోండి. సీలు ఇంకా విప్పలేదు కదా?