కొత్త బోరుకు ముందు ఫుట్ వాల్వు విప్పించండి

మలావీలో మీరు చందా పంపే పల్లె బడిలో ఆఫ్రిదేవ్ చేతిపంపు పొద్దున్నే నలభైసార్లు కొడితేగానీ నీళ్లు పడట్లేదని, సంస్థవాళ్లు కొత్త బోరుకు డబ్బడుగుతున్నారని రాశారు. తొందరపడకండి. బోరులో నీళ్లు తగ్గితే మొదట ధార వచ్చి, కాసేపటికి ఆగిపోతుంది. మీరు చెప్పింది దానికి సరిగ్గా తలకిందులు: రాత్రంతా పైపులో నిలవాల్సిన నీరు కిందికి జారిపోతోంది.

ధార పడేదాకా కొట్టించి, అరగంట ఎవరూ ముట్టుకోకుండా ఆపి, మళ్లీ కొట్టించండి. ఐదారు దెబ్బల్లో నీళ్లు రాకపోతే లీకే.

పైపు అడుగున నీటిని కిందికి జారనీయకుండా ఆపేది ఫుట్ వాల్వు. ఎక్కువగా దాని ఓ-రింగు (చుట్టూ ఉండే రబ్బరు రింగు) అరిగిపోతుంది, లేదా బాబిన్ (వాల్వులో పైకీ కిందికీ కదిలి నీటిదారి మూసే ముక్క) కింద ఇసుక చేరి సరిగా మూసుకోదు. మన ఊళ్లలోని పాతరకం ఇండియా మార్క్ 2 చేతిపంపులా పైపులన్నీ పైకి లాగక్కర్లేదు. పైపు లోపలి రాడ్లు చేత్తోనే విడతీయొచ్చు, ఒక స్పానరు, ఫుట్ వాల్వును పట్టి లాగే పనిముట్టు చాలు. విప్పినప్పుడే ప్లంజర్ (రాడ్ల చివర ఉండి నీటిని పైకెత్తే భాగం) చుట్టూ ఉండే యూ-సీలు కూడా మార్పించండి. అది అరిగితే ప్రతి దెబ్బకూ నీళ్లు తగ్గుతాయి. ఇవన్నీ మార్చినా జారుతుంటే 63 మి.మీ. ప్లాస్టిక్ పైపు పగిలిందనో, అతుకు వదిలిందనో అర్థం. అప్పుడు మాత్రం పైపు తీయక తప్పదు.

పొద్దుటి వరుసలో నిలబడి బడికి ఆలస్యమయ్యేది ఆడపిల్లలే, కాబట్టి ఈ మరమ్మతు ఈ వారమే జరగాలి. డబ్బు పంపేముందు పరీక్ష ఫలితం, తీసిన ఓ-రింగు, బాబిన్‌ల ఫొటోలు అడగండి. రెండు సెట్ల విడిభాగాలు ఊరి నీటి కమిటీ దగ్గరే ఉంచమనండి.