హ్యామ్‌స్టర్ పంజరం కొనేటప్పుడు అంతస్తులు కాదు, నేల చూడండి

తిరుపతిలో అపార్ట్‌మెంట్‌లో పైఅంతస్తులో ఉంటున్నామనీ, ఏడో తరగతి చదివే పాప ఎలుకలా ఉండే చిన్న పెంపుడు జంతువు హ్యామ్‌స్టర్ కావాలంటోందనీ, పెట్ షాపులో రంగురంగుల గొట్టాలున్న రెండంతస్తుల కమ్మీల పంజరం చూపించారనీ, అది సరిపోతుందా అనీ అడిగారు. సరిపోదండి. పాప ఎంత ముచ్చటపడినా దాన్ని మాత్రం కొనకండి.

నేనూ తిరుపతిలోనే, కొర్లగుంటలో ఉంటాను. మా అక్కవాళ్లు ఊరు మారుతూ తమ సిరియన్ రకం హ్యామ్‌స్టర్‌ని పంజరంతో సహా మాకు అప్పగించి వెళ్లారు. ఆ పంజరం మీరు చెప్పినలాంటిదే. అందరూ పడుకున్నాక అది ఎప్పుడూ అదే మూలకు పోయి, రెండు కాళ్ల మీద నిలబడి, కమ్మీని పళ్లతో పట్టుకుని కొరుకుతూనే ఉండేది. ముక్కు మీద బొచ్చు ఊడిపోయి చర్మం ఎర్రగా కనిపించేది. చూడడానికి వచ్చినవాళ్లు ఆడుకుంటోంది అనుకునేవాళ్లు. ఆట కాదది. తవ్వుకోవడానికి, తిరగడానికి చోటు లేక పడే ఆరాటం.

సిరియా పొలాల్లో బతికే హ్యామ్‌స్టర్ల బొరియలు సగటున 65 సెంటీమీటర్ల లోతు ఉంటాయి. 2006లో వచ్చిన ఒక స్విస్ పరిశోధనలో ఈ జాతినే 10, 40, 80 సెంటీమీటర్ల లోతు బెడ్డింగ్ (తవ్వుకోవడానికి నేల మీద పోసే మెత్తటి పొట్టు) వేసిన పంజరాల్లో పెట్టి చూశారు. 10 సెంటీమీటర్లే ఉన్నచోట కమ్మీలు కొరకడం బాగా ఎక్కువగా కనిపించింది. అందుకే పంజరం ఎన్ని అంతస్తులుందన్నది నాకు లెక్కలోకే రాదు. నేల ఎంత ఉంది, అందులో ఎంత లోతు నింపొచ్చు, ఈ రెండే చూస్తాను. పైగా వీటికి చూపు తక్కువ, ఎత్తు తెలియదు. పైఅంతస్తు నుంచి పడితే కాలు విరుగుతుంది.

కొలత విషయానికొస్తే, అడ్డం లేకుండా ఒకే నేల 100 సెంటీమీటర్ల పొడవు, 50 సెంటీమీటర్ల వెడల్పుకు తగ్గకుండా చూడండి. ఇంత పెద్ద పంజరం పెట్ షాపుల్లో కనపడడం కష్టం. అక్వేరియం షాపులో 4 అడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తున్న గాజు తొట్టి చేయించుకుంటే సరిపోతుంది. మేము చేసిందదే. చేపల కోసం కాదని ముందే చెప్పండి, నీళ్ల బరువు ఉండదు గనక పలచటి గాజుతోనే అయిపోతుంది. సెకండ్ హ్యాండ్ తొట్టి అయినా ఫర్వాలేదు. మూత మాత్రం గాజుది వద్దు, చెక్క ఫ్రేముకి స్టీలు జాలీ కొట్టించండి. దోమల నెట్‌లాంటి ప్లాస్టిక్ జాలీ అయితే కొరికి బయటికొచ్చేస్తుంది. కమ్మీల పంజరమే కావాలంటే సందులు సిరియన్‌కి అర అంగుళం, డ్వార్ఫ్ (ఇంకా చిన్న) రకాలకి పావు అంగుళం దాటకూడదు.

ఇక్కడొక చిక్కుంది. సిరియన్‌కి పరుగు చక్రం 11 అంగుళాలైనా ఉండాలి, లేకపోతే పరిగెత్తేటప్పుడు వెన్ను వంగిపోతుంది. స్టాండుతో కలిపి అది అడుగు దాటుతుంది. అడుగున్నర ఎత్తు తొట్టిలో అంతటా 10 అంగుళాల బెడ్డింగ్ పోస్తే చక్రం మూతకు తగులుతుంది. అందుకని ఒక పక్కన 10 అంగుళాలు పోసి, రెండో పక్కకు వచ్చేసరికి 3, 4 అంగుళాలకు తగ్గించి చక్రాన్ని అక్కడ పెట్టాలి. మధ్యలో ఒక చెక్క అడ్డు పెడితే బెడ్డింగ్ జారదు. చక్రం మెట్లు మెట్లుగా ఉండకూడదు, కాలు ఇరుక్కుంటుంది. నున్నగా, సందుల్లేకుండా ఉండాలి.

బెడ్డింగ్‌కి కాగితంతో చేసినది ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. దాంట్లో పొరలు పొరలుగా ఎండు గడ్డి కలిపితే సొరంగాలు కూలిపోకుండా నిలుస్తాయి. కలప డిపోలో రంపపు పొట్టు ఊరికే ఇస్తారని తెచ్చుకోకండి. అది ఏ చెట్టుదో, ఏ మందు పట్టించారో తెలియదు, ఆ దుమ్ము దాని ఊపిరితిత్తులకు చెడ్డది. గూడుకోసమని అమ్మే దూది కూడా వద్దు, దారాలు కాళ్లకు చుట్టుకుంటాయి.

ఇక మన ఊరి ఎండ. నా వరకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టే విషయం ఇదే. హ్యామ్‌స్టర్‌కి 20 నుంచి 24 డిగ్రీలు హాయి, 30 దాటితే ప్రమాదం. మనకు మే నెలలో 40 దాటుతుంది. మీది పైఅంతస్తు అంటున్నారు కాబట్టి స్లాబ్ సెగ రాత్రి దాకా దిగదు. తొట్టి కొనకముందే ఇంట్లో ఏ గది చల్లగా ఉంటుందో మధ్యాహ్నం మూడింటికి థర్మామీటర్ పెట్టి చూడండి. కిటికీ ఎండ తగిలే చోట గాజు తొట్టి అసలు పెట్టకూడదు. వేసవిలో ఏసీ ఉన్న గది దానికి ఇవ్వలేమనుకుంటే ఈ ఏడాదికి ఆగమని పాపకు నచ్చజెప్పండి. చెప్పడం కష్టమే, కానీ ఎండదెబ్బ తగిలితే గంటల్లో ప్రాణం పోతుంది.

కరెంటు పోయినప్పటి కోసం మేము ఫ్రిజ్‌లో నీళ్ల సీసా గడ్డకట్టించి ఉంచుతాం. దాన్ని గుడ్డలో చుట్టి తొట్టికి బయటి నుంచి ఆనించి పెడతాం. లోపల ఒక గ్రానైట్ ముక్క వేశాం. మన పక్క చిత్తూరు జిల్లాలో గ్రానైట్‌కి కొదవేముంది, కటింగ్ చేసేచోట అడిగితే ముక్కలు దొరుకుతాయి. మధ్యాహ్నం పూట అది బొరియలోంచి వచ్చి, నాలుగు కాళ్లూ చాపి, పొట్ట మొత్తం ఆ రాతికి ఆనించి పడుకుంటుంది. అయితే రాయిని బెడ్డింగ్ మీద పెట్టకండి. కింద తవ్వితే మీద పడుతుంది. తొట్టి అడుగు నుంచి నాలుగు చెక్క దిమ్మెలు లేపి వాటి మీద పెట్టండి. చక్రానికీ అంతే. ఎండకి హ్యామ్‌స్టర్ కదలకుండా చొంగ కారుస్తూ పడి ఉంటే చల్లటి నీళ్లలో ముంచకుండా, చల్లటి గదిలోకి మార్చి వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. మన ఊళ్లోనే పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. ఇంత చిన్న జంతువుల్ని ఎవరు చూస్తారో ముందే కనుక్కుని పెట్టుకోండి.

చీమల సంగతి షాపులో ఎవరూ చెప్పరు. హ్యామ్‌స్టర్ గింజల్ని బుగ్గల నిండా కుక్కుకుని తీసుకెళ్లి మూలల్లో పాతిపెడుతుంది, దోసకాయ ముక్క ఇచ్చినా అంతే. ఎర్రచీమలు వాసన పట్టేస్తాయి. చీమల చాక్‌పీసు, మందు ఏదీ ఆ చుట్టుపక్కల వాడకండి. తొట్టిని నాలుగు కాళ్ల స్టాండు మీద పెట్టి, కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి. తడి కూరగాయ పెడితే మర్నాడు పొద్దున్నే వెతికి తీసేయండి.

తోడుంటుందని జంటను అంటగట్టబోతారు. సిరియన్ ఒక్కటే ఉండాలి, పెద్దవయ్యాక రెండింటిని కలిపితే చచ్చేలా కొట్టుకుంటాయి. ఆడా మగా అయితే 16 రోజులకే పిల్లలు.

శుభ్రం చేయడం గురించి కూడా అడిగారు. వారం వారం మొత్తం పారబోయకండి, తన వాసన పోతే బెదిరిపోతుంది. ఒక మూల గిన్నెలో దుమ్ము లేని ఇసుక పెడితే చాలావరకు అక్కడే మూత్రం పోస్తుంది. ఆ ఇసుకను జల్లించి, తడిసిన బెడ్డింగ్‌ మాత్రం తీసి కొత్తది కలిపితే చాలు. ఆ పని మీ పాప చక్కగా చేసుకోగలదు.