ఆ గీత చెరిపి వెళ్ళు

చిరంజీవి మేనకోడలికి అత్త ఆశీస్సులు.

నీ ప్రశ్నావళి రెండుసార్లు చదివాను. ఆసు పోసే, అంటే నేతకి ముందు నూలుని మేకుల చుట్టూ చేత్తో తిప్పే ఆడవాళ్ళ భుజం నొప్పి మీద పీహెచ్‌డీ చేస్తున్నావని తెలిసి ఎంత సంతోషపడ్డానో! కానీ మూడో పేజీలో 'శారీరక సమస్యలు', 'మానసిక సమస్యలు' అని మధ్యలో గీత కొట్టి రెండు గడులు పెట్టావు. ఊరికి బయల్దేరే ముందు ఆ గీత చెరిపెయ్ తల్లీ.

పరిశోధన మొదలుపెట్టిన రోజుల్లో నేనూ అలాంటి కాగితమే పట్టుకుని తిరిగాను. ఒక పెద్దావిడ భుజం పట్టుకుని, "అప్పు గుర్తొస్తే ఇక్కడ లాగుతుందమ్మా" అంది. నేను భుజాన్ని ఒక గడిలో, అప్పుని ఇంకో గడిలో రాసుకున్నాను. తీరా లెక్కలు వేసేసరికి ఆ రెండింటికీ సంబంధమే కనబడలేదు. ఆవిడ ఒక్క మాటలో చెప్పినదాన్ని విడగొట్టింది నేనే. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఈ గీత పాతదే. మనసు వేరు, చోటు ఆక్రమించే శరీరం వేరు అని ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ 1641లో వాదించాడు. రెండేళ్ళకే, 1643లో, బొహీమియా రాకుమారి ఎలిజబెత్ ఆయనకి ఉత్తరం రాసింది: చోటే ఆక్రమించని ఆత్మ శరీరాన్ని ఎలా కదిలిస్తుంది అని. ఆయన ఇచ్చిన జవాబులతో ఆమెకి తృప్తి కలగలేదు. నాకూ కలగలేదు. అయినా మన యూనివర్సిటీలు ఆ పంపకం మీదే నడుస్తున్నాయి. శరీరం డాక్టర్లకి, మనసు సైకాలజీ వాళ్ళకి, నమ్మకాలూ ఆచారాలూ మన ఆంత్రోపాలజీ వాళ్ళకి.

వెళ్ళే ముందు ఫ్రెంచి ఆంత్రోపాలజిస్టు మార్సెల్ మోస్ 1934లో శరీరాన్ని వాడే పద్ధతుల గురించి ఇచ్చిన ఉపన్యాసం చదువు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆయనతో ఉన్న ఇంగ్లీషు సైనికులకి ఫ్రెంచి పారలతో తవ్వడం చేతకాలేదట. ఒక దేశపు డివిజన్ స్థానంలోకి ఇంకో దేశపు డివిజన్ వచ్చినప్పుడల్లా 8,000 పారలు మార్చాల్సి వచ్చేదని చెబుతాడు. తవ్వే నేర్పు మోచేతిలో ఉందా, నేర్చుకున్న తీరులో ఉందా, పార పిడిలో ఉందా? వీటిలో ఏ ఒక్కటి తీసేసినా పని సాగదు.

ఇప్పుడు నీ ఆసు చూడు. ఒక్క ఇక్కత్ చీరకి నూలు పట్టుకున్న చెయ్యి మేకుల చుట్టూ సుమారు 9,000 సార్లు తిరగాలి. అమ్మ పడే ఆ నొప్పి చూడలేకే కదా చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేసింది! 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రంలో మోటారుంది, మేకులున్నాయి, తల్లి భుజమూ ఉంది, కొడుకు ఆరాటమూ ఉంది. ఏ గడిలో రాస్తావు?

ఇంకో మాట. 'మనవాళ్ళు మనసు, శరీరం ఒకటేనని ఎప్పుడో చెప్పారు' అని రాసేయకు. మన పాత దర్శనాల్లో ఒకటైన సాంఖ్యం కూడా రెండు తత్త్వాలే చెప్పింది. కాకపోతే మనసుని, బుద్ధిని, అహంకారాన్ని ప్రకృతి వైపే, అంటే జడపదార్థం వైపే ఉంచి, పురుషుణ్ణి, అంటే చైతన్యాన్ని వేరు చేసింది. అంటే గీత ఇంకోచోట పడింది. ఎక్కడ గియ్యాలన్నది మనుషులు నిర్ణయించుకున్నదే అని నాకు అక్కడే అర్థమైంది.

అలాగని అన్నీ కలిపి ముద్ద చేయొద్దు. హిమోగ్లోబిన్ పరీక్ష కావాలంటే చేయించు, కీలు అరిగిందని అనుమానమొస్తే డాక్టరు దగ్గరికి పంపు. 'ఇదంతా టెన్షన్ వల్లే' అని మాత్రం ఎవరికీ చెప్పకు. నొప్పి అబద్ధమన్నట్టు వినబడుతుంది వాళ్ళకి.

'నొప్పి ఒంట్లోదా, మనసులోదా' అని అడగకు. నొప్పి వచ్చిన రోజు ఏ పని ఆగింది, ఆ పని ఎవరు అందుకున్నారు, ఆ వారం కూలి ఎంత తగ్గింది అని అడుగు. ఆసు చట్రం ఎత్తు కొలువు, వాళ్ళు కూర్చునే తీరు బొమ్మ వేసుకో. 'ప్రాణం ఉసూరుమంటోంది', 'చెయ్యి ఆడట్లేదు' అంటే ఆ మాటే రాసుకో. నీరసమనో, డిప్రెషననో మార్చకు.

వాళ్ళు ఒప్పుకుంటే ఒక పూట నువ్వూ ఆసు పొయ్యి. ఆ సాయంత్రం నీ భుజం ఏమంటుందో ఆ రాత్రే చేత్తో రాసి, ఫొటో తీసి నాకు పంపు. నోట్సు శుభ్రంగా టైపు చేసేదాకా ఆగకు.

ప్రేమతో,
అత్త